పాత సాఫ్ట్‌టాప్ జిప్సీ మొరాయిస్తుంటే: పార్టు మార్చే ముందు చేయాల్సిన పరీక్షలు

వానలు మొదలైతే చాలు, నాకు ఫోన్లూ మొదలవుతాయి. టెక్కలి నుంచి ఒకరు, చీపురుపల్లి నుంచి ఒకరు. ఊళ్లు మారతాయి గానీ ప్రశ్నలు మారవు. టాపు కారుతోంది. రాత్రి వాన పడింది, పొద్దున్న సెల్ఫ్ తిరగట్లేదు. అరవై దాటగానే స్టీరింగ్ ఊగిపోతోంది. సాలూరు దాటి ఘాట్ ఎక్కితే వేడెక్కిపోతోంది. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా అంతా ఒకచోట రాసిపెడదామనుకున్నాను.

నేను మెకానిక్‌ని కాను. గుడ్డ టాపున్న పాత మారుతి జిప్సీతో ఏళ్ల తరబడి వేగుతున్నవాణ్ని, అంతే. ఒక సెప్టెంబరులో రణస్థలం దగ్గర హైవే పక్కన నా బండి ఆగిపోయింది. తాళం తిప్పితే టక్‌మని ఒక్క చప్పుడు, ఆపై ఏమీ లేదు. దగ్గర్లోని మెకానిక్ వచ్చి, బానెట్ ఎత్తీ ఎత్తకుండానే "బేటరీ పోనాది బాబూ, కొత్తది ఏసెయ్యండి" అన్నాడు. వేశాను. నాలుగు రోజులు బాగానే ఉంది, మళ్లీ అదే టక్. ఈసారి సెల్ఫ్ మోటారు విప్పించి బ్రష్‌లు మార్పించాను. ఇంకో వారం నడిచింది. చివరికి గేర్ బాక్సు బోల్టుకు బిగించిన ఎర్త్ పట్టీని (బేటరీ నెగెటివ్‌ను ఇంజనుకు కలిపే రాగి పట్టీని) ఊరికే ఇలా పట్టుకుని లాగితే ఊడి చేతికొచ్చింది. లోపలి రాగి తీగలన్నీ పచ్చటి పొడైపోయాయి. బేటరీకి పెట్టిన డబ్బుతో అలాంటి పట్టీలు బండెడు కొనొచ్చు.

అప్పటి నుంచి దోషం ఎక్కడుందో పరీక్షలో తేలేదాకా నేను పార్టు కొనను. మన సముద్రం పక్క జిల్లాల్లో ఏ పాత బండికైనా ముందు చూడాల్సినవి మూడే: నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయి, ఎర్త్ సరిగ్గా ఉందా, రబ్బరు ఎండిపోయిందా. కింద రాసినదంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

మీది ఏ జిప్సీ?

పార్టు అడిగే ముందు ఇది తెలియాలి. 1985 చివర్లో వచ్చిన ఎంజీ 410 రకంలో 970 సీసీ ఇంజను, నాలుగు గేర్లు. 1996లో వచ్చిన జిప్సీ కింగ్‌లో 1.3 లీటర్ల ఇంజను, అయిదు గేర్లు. మొదట్లో కింగ్‌కి కూడా కార్బొరేటరే, 2000 నుంచి ఎంపీఎఫ్ఐ (కార్బొరేటరు లేకుండా కంప్యూటరు అదుపులో పెట్రోలు చిమ్మే పద్ధతి). బానెట్ ఎత్తి చూస్తే గుండ్రటి ఎయిర్ ఫిల్టర్ డబ్బా కింద కార్బొరేటర్ ఉందో లేదో తెలిసిపోతుంది. ఆర్సీలో ఉన్నదే నమ్మకండి. వేలంలో కొన్న బండ్లలో ఇంజను మారిపోయి ఉండటం మామూలే. పాత పార్టు విప్పి చేత పట్టుకుని షాపుకు వెళ్లండి, కౌంటర్ మీద కొత్తది పక్కన పెట్టి చూసుకున్నాకే డబ్బులివ్వండి.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- 8 నుంచి 19 వరకు స్పానర్లు, ప్లగ్ రెంచి, స్క్రూడ్రైవర్లు
- మామూలు డిజిటల్ మల్టీమీటరు
- జంపర్ కేబుల్ ఒక జత
- మంచి జాకీ, రెండు యాక్సిల్ స్టాండులు, టైరుకు అడ్డం పెట్టే చెక్క దిమ్మలు
- సన్నటి గరుకు కాగితం, వైరు బ్రష్, పెట్రోలియం జెల్లీ
- టార్చి, సుద్దముక్క, తోటకు నీళ్లు పెట్టే పైపు
- కొవ్వొత్తి ఒకటి (వెలిగించడానికి కాదు)
- చిన్న అయస్కాంతం, పలచటి గుడ్డ
- మంటలార్పే సిలిండరు

చివరిది లేకుండా పెట్రోల్ పైపు జోలికి వెళ్లకండి.

1. ముందు కింద చూడండి

రాత్రి బండి ఆపేటప్పుడు ఇంజను కింద పాత అట్టముక్క పరచండి. పొద్దున్న ఎక్కడ మరక పడిందో చూడండి. ఆకుపచ్చగానో ఎర్రగానో ఉండి వేలికి కాస్త జారుడుగా, తియ్యటి వాసనతో ఉంటే కూలెంటు. నల్లగా ఉంటే ఇంజనాయిలు. ఘాటు గంధకం వాసన వస్తే గేర్ ఆయిల్. చక్రం లోపలి వైపు పలచటి నూనెలా తడి కనిపిస్తే బ్రేక్ ఆయిల్ అని అనుమానించండి, అది తేలేదాకా బండి కదపొద్దు.

2. టాపు ఎక్కడ కారుతోందో పట్టుకోండి

అందరూ పొరపాటు చేసేది ఇక్కడే. నీళ్లు పడ్డచోటే చిల్లు ఉందనుకుంటారు. గుడ్డ టాపులో నీరు ఇనప కమ్మీ వెంబడి జారి, ఎక్కడో మూడడుగుల దూరంలో చుక్క వదులుతుంది. సీటు మీద పడుతోందని సీటు పైన అతుకేసి లాభం లేదు.

దీనికి ఇద్దరు కావాలి. ఒకరు లోపల టార్చి, సుద్దముక్కతో కూర్చోవాలి. ఇంకొకరు బయట పైపు పట్టుకోవాలి. పైపు నోటికి వేలు అడ్డం పెట్టి చిమ్మొద్దు. వాన చిమ్మదు, కారుతుంది. నీళ్లు మెల్లగా వదలండి.

కింద నుంచి పైకి వెళ్లండి. ముందు విండ్‌షీల్డ్ అడుగు, తర్వాత దాని పై అంచు, ఆ తర్వాత డోర్ల పైభాగం, చివరగా టాపు కుట్లు. ఒక్కోచోట అయిదు నిమిషాలు. పైనుంచి మొదలుపెడితే నీళ్లు అన్నిచోట్లకీ జారి ఏది ఎక్కడిదో తెలియదు. లోపలివాళ్లు తడి కనిపించిన వెంటనే సుద్దతో గీత గీయాలి, ఆరాక గుర్తుండదు.

నా అనుభవంలో దొంగ ఎక్కువగా దొరికేది విండ్‌షీల్డ్ అడుగునే. సాఫ్ట్‌టాప్ జిప్సీకి ముందు అద్దం ఫ్రేము ముందుకు మడవడానికి వీలుగా కీలు మీద ఉంటుంది. ఆ కీలు కింది రబ్బరు పదేళ్లకే బిస్కట్‌లా పెళుసెక్కుతుంది. అక్కడ నుంచి దిగిన నీరు డ్యాష్‌బోర్డు వెనకగా జారి డ్రైవరు పాదాల మీద పడుతుంది. దారిలో ఉన్న ఫ్యూజులనీ వైర్ల కనెక్టర్లనీ తడిపి మరీ పడుతుంది. వాన మర్నాడు హారన్ పలకకపోవడం, వైపర్ సగంలో ఆగిపోవడం చాలావరకు టాపు రోగమే, కరెంటు రోగం కాదు.

*ఎలా తెలుస్తుంది:* రబ్బరు మార్చాక పాదాల దగ్గర పాత దినపత్రిక పరచి, అదే చోట పది నిమిషాలు నీళ్లు వదలండి. కాగితం మీద ఒక్క చుక్క పడినా పని పూర్తి కానట్టే.

3. టాపు బాగు చేయడం

కుట్ల దగ్గర కారుతుంటే గుడ్డ బాగుండి దారం పోయిందా, గుడ్డే పోయిందా చూడండి. వేళ్లతో కుట్టుకి అటూ ఇటూ లాగితే దారం పుటుక్కుమంటే దారం పోయినట్టు. అది సీట్ల షాపులో మళ్లీ కుట్టించుకుంటే సరిపోతుంది. మామూలు నూలు దారంతో కాదు, ఎండకు ఆగే లావు పాలిస్టర్ దారంతో, పాత రంధ్రాల్లోంచే కుట్టమనండి. పక్కన కొత్త రంధ్రాలు పొడిస్తే ఆ చారంతా తపాలా బిళ్ల అంచులా చిరుగుతుంది. గుడ్డే పెళుసెక్కి మడతల్లో తెల్లగీతలు వచ్చేస్తే అతుకులు మానేసి కొత్త టాపు కుట్టించండి.

సాలూరు లారీల ఊరు. అక్కడ టార్పాలిన్ కుట్టేవాళ్ల చేతివాటం గొప్పది. కానీ లారీ టార్పాలిన్‌నే తెచ్చి టాపుగా వేయమనకండి. బరువెక్కువ, మడత పడదు, జిప్పుల మీద లాగుడు పడుతుంది. పాత టాపును కొలతకి ఇచ్చి రమ్మంటారు. ఇవ్వండి గానీ, పాతది కుంచించుకుపోయి ఉంటుందని మరిచిపోకుండా చెప్పండి. ఆ కొలతకే కుడితే కొత్తది కూడా బిగుతే.

చేయకూడనివి:

- కుట్టు మీద సిలికాన్ పూయొద్దు. నాలుగు నెలలకి తోలులా లేస్తుంది. దాని మీద తర్వాత ఏ బంకా అంటుకోదు. టెంట్లకు వాడే సీమ్ సీలర్ దొరికితే అది వాడండి.
- జిప్పుకి నూనె పెట్టొద్దు. ఎర్రదుమ్ము పట్టి రంపంలా తయారవుతుంది. పాత టూత్‌బ్రష్‌తో పళ్లు దులిపి కొవ్వొత్తితో రుద్దండి. నాలుగుసార్లు అటూ ఇటూ లాగితే సాఫీగా వస్తుంది.
- తడి టాపు మడవొద్దు. రెండు రోజుల్లో బూజు వాసన, వారంలో నల్లచుక్కలు.
- ప్లాస్టిక్ కిటికీలను పెట్రోలుతో గానీ థిన్నరుతో గానీ తుడవొద్దు. పాలు విరిగినట్టు తెల్లబడతాయి, ఇక తిరిగి రావు. ముందు నీళ్లు పోసి ఇసుక జారిపోనిచ్చి, మెత్తటి నూలు గుడ్డతో అద్దండి. మా ఇంట్లో ఉతికి ఉతికి వెన్నలా అయిన పొందూరు పంచె ముక్క ఒకటి ఈ పనికే ఉంది. ఆ సంగతి పెద్దవాళ్లకు తెలియనివ్వను.

టాపు బిగించడానికి చేతులు నొప్పెడుతున్నాయంటే పొద్దున్నే చేస్తున్నారన్నమాట. పదకొండు గంటల ఎండలో అరగంట పరచి ఉంచండి. సాగుతుంది. బలవంతంగా లాగితే గుడ్డకంటే ముందు హుక్కు దగ్గరి కన్నం చిరుగుతుంది.

4. నేల, తుప్పు

మ్యాట్లు తీసేయండి. కింద తడి ఉంటే ఎండే దాకా తిరిగి పరవొద్దు. నేల రేకులో రబ్బరు బిళ్లలు ఉంటాయి. పీకితే నిలిచిన నీరు కిందికి పోతుంది. ఎండాక మళ్లీ పెట్టడం మరిచిపోకండి, లేకపోతే కింది నుంచి బురద పైకి చిమ్ముతుంది.

బండి కొనేటప్పుడైనా, టింకరింగ్ అయ్యాక తెచ్చుకునేటప్పుడైనా ఒక పరీక్ష చేయండి. అయస్కాంతానికి పలచటి గుడ్డ చుట్టి డోర్ల అడుగు అంచు, చక్రాల పైవంపులు, నేల మూలల మీద మెల్లగా జరపండి. గట్టిగా పట్టుకుంటే ఇనుము ఉన్నట్టు. జారి పడిపోతే అక్కడ ఉన్నది పుట్టీ. స్క్రూడ్రైవరు పిడితో కొడితే ఇనుము ఖంగుమంటుంది, పుట్టీ, తుప్పు మొద్దుగా పలుకుతాయి. చిల్లు మీద పుట్టీ పెట్టించుకోవడం అంటే తుప్పుకు దుప్పటి కప్పడమే. రేకు కోయించి కొత్త ముక్క వెల్డింగ్ చేయించండి.

వెల్డింగ్ అంటే జాగ్రత్త. బేటరీ రెండు తీగలూ విప్పాలి. వెనక భాగంలో పనైతే పెట్రోల్ ట్యాంకు దించాలి. "ఏం కాదు, తడిగుడ్డ కప్పుదాం" అనే చోట బండి వదలొద్దు.

కళింగపట్నం, భావనపాడు వైపు ఇసుకలో తిప్పితే ఆ రోజే అడుగు కడగండి, మర్నాడు కాదు. ఛాసిస్ పక్కల ఉన్న కన్నాల్లోకి పైపు పెట్టి లోపలి నుంచి నీరు తేటగా వచ్చేదాకా వదలండి. ఇంటి బోరు నీళ్లే ఉప్పగా ఉంటే కడిగినా ఒకటే, మంచినీళ్లు వాడండి. ఫొటో కోసం అలల్లోకి దింపే కుర్రాళ్లకి నేను చెప్పేదేమీ లేదు.

5. సెల్ఫ్ తిరగకపోతే

గేరు న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్ బ్రేక్ లాగండి. మల్టీమీటరును 20 వోల్టుల డీసీ మీద పెట్టండి.

క) రాత్రంతా ఆగిన బండి బేటరీ రెండు కొమ్మల (టెర్మినళ్ల) మీద చూడండి. 12.6 దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 కంటే తక్కువైతే ముందు చార్జింగ్ పెట్టించండి, మిగతా పరీక్షలు తర్వాత.

చ) ఒకరు తాళం తిప్పుతుండగా చూడండి. 10 వోల్టుల దగ్గర నిలబడితే పర్వాలేదు. 9 కంటే కిందికి కూలిపోతే బేటరీ బలహీనమైనట్టు, లేదా సెల్ఫ్ మోటారు ఇరుక్కున్నట్టు. అక్కడ కూలకుండా సెల్ఫ్ మాత్రం నీరసంగా తిరిగితే తర్వాతి పరీక్ష.

ట) ఇదే అసలైనది. ఎర్త్ పరీక్ష. మీటరు నల్ల తీగ బేటరీ నెగెటివ్ కొమ్మ మీదే పెట్టాలి. దానికి బిగించిన క్లాంపు మీద కాదు, సీసపు కొమ్మ మీద. ఎర్ర తీగ ఇంజను మీద గీకి మెరిసిన ఇనుము మీద పెట్టండి. సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటితే ఎర్త్‌లో తేడా ఉంది. అలాగే నల్ల తీగను గీకిన బాడీ రేకు మీద, ఎర్ర తీగను ఇంజను మీద పెట్టి ఇంకోసారి చూడండి.

మీటరు లేదా? జంపర్ కేబుల్ ఒకటి తీసుకుని బేటరీ నెగెటివ్ నుంచి నేరుగా ఇంజనుకు కలిపి సెల్ఫ్ కొట్టండి. ఇంతసేపూ మూలిగినది ఒక్కసారిగా గిర్రున తిరిగితే మీ బేటరీ బాగానే ఉంది, మోటారూ బాగానే ఉంది. ఎర్త్ పట్టీ మార్చుకోండి. నేను రణస్థలంలో ఈ ఒక్క పని చేసి ఉంటే సరిపోయేది.

పట్టీ బిగించే రెండుచోట్లా రంగు, తుప్పు గీకి ఇనుము మెరిసేదాకా రుద్దాలి. బిగించాక పైన పెట్రోలియం జెల్లీ పూయండి. పాత పట్టీ ఉండగానే పక్కన ఇంకొకటి బేటరీ నుంచి నేరుగా ఇంజనుకు వేయించండి.

*ఎలా తెలుస్తుంది:* మళ్లీ అదే పరీక్షలో మీటరు 0.2 వోల్టుల దగ్గరో ఇంకా తక్కువో చూపాలి. ఇంజను నడుస్తుండగా బేటరీ మీద 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. అంతకంటే తక్కువైతే ఆల్టర్నేటరు గానీ బెల్టు గానీ చూపించుకోండి.

6. సెల్ఫ్ తిరుగుతుంది గానీ ఇంజను అందుకోదు

నిప్పు, పెట్రోలు. ఈ రెండింటిలో ఒకటి లేదు.

నిప్పు చూడటానికి ప్లగ్ తీగ చేత్తో పట్టుకునే సాహసాలొద్దు. స్పార్క్ టెస్టరు కొనండి. చవకే. నిప్పు లేకపోతే, అదీ వాన మర్నాడే లేకపోతే, డిస్ట్రిబ్యూటరు (ప్లగ్గులకు నిప్పు పంచేది) మూత విప్పి లోపల చూడండి. సన్నటి తడి పొర ఉంటుంది. పొడిగుడ్డతో తుడిచి ఎండలో పెట్టండి. లోపల పెన్సిలు గీతలాంటి నల్ల చార కనిపిస్తే మూత పగిలినట్టే, తుడిస్తే పోదు. ప్లగ్గుల సందు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు ఉండాలి. తీగలు ఒకేసారి పీకొద్దు. ఒక్కొక్కటే విప్పి పెట్టండి. పీకేసి కలిపేశారంటే క్రమం 1-3-4-2 అని గుర్తుంచుకోండి.

పెట్రోలు సంగతి. ఎంపీఎఫ్ఐ బండి అయితే తాళం ఆన్ చేయగానే వెనక ట్యాంకు దగ్గర రెండు మూడు సెకన్లు సన్నటి గుయ్‌మనే శబ్దం రావాలి. రాకపోతే పంపు ఫ్యూజు, రిలే చూడండి. కార్బొరేటర్ బండి అయితే ఆ కార్బొరేటర్ పక్కన చిన్న అద్దం కిటికీ ఉంటుంది. అందులో పెట్రోలు మట్టం మధ్య గుర్తు దగ్గర ఉండాలి. అసలు కనబడకపోతే పెట్రోలు రావట్లేదు. కిటికీ అంతా నిండిపోయి ఘాటుగా వాసన వస్తుంటే పెట్రోలును ఆపాల్సిన ఫ్లోటు సూది సరిగా మూసుకోవట్లేదు.

వేసవి ఫిర్యాదు ఒకటుంది. చల్లగా ఉంటే వెంటనే స్టార్ట్ అవుతుంది, టీ తాగి పావుగంటలో వస్తే అవ్వదు. ఇంజను వేడికి కార్బొరేటర్లోని పెట్రోలు మరిగి పొంగుతుంది. ఇలాంటప్పుడు యాక్సిలరేటరు టపటపా తొక్కితే ఇంకా ముంచేస్తారు. పూర్తిగా తొక్కి అలాగే పట్టుకుని సెల్ఫ్ కొట్టండి. అందుకున్నాక వదలండి. చోక్ లాగొద్దు.

ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఈ బండ్ల రబ్బరు పైపులు దానికోసం చేసినవి కావు. పైపును వేళ్లతో వంచి చూడండి. పైన సన్న పగుళ్లు వచ్చినా, నొక్కితే జిగటగా మెత్తబడినా ట్యాంకు నుంచి కార్బొరేటరు దాకా అన్నీ ఒకేసారి మార్చేయండి. ఇథనాల్ తట్టుకునే రకం అని అడిగి కొనండి. ఇథనాల్ నీటిని లాక్కుంటుంది. నెలల తరబడి నిలబెట్టిన బండైతే ట్యాంకులోంచి కొంచెం పెట్రోలు తేట గాజు సీసాలోకి తీసి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర తేరితే ఆ పెట్రోలు ఇంజనుకి పనికిరాదు. ఈ పనంతా ఆరుబయట, చల్లటి ఇంజను మీద, బేటరీ విప్పి చేయాలి.

7. వేడెక్కితే

వేడి మీద రేడియేటరు మూత తీయొద్దు. ఈ ముక్క అందరికీ తెలుసు, అయినా ఏటా ఎవరో ఒకరు మొహం కాల్చుకుంటారు.

చల్లారాక ఇలా చూడండి. రేడియేటరులో కూలెంటు అంచుదాకా ఉందా. ఫ్యాన్ బెల్టును మధ్యలో బొటనవేలితో నొక్కితే సెంటీమీటరుకు మించి దిగకూడదు. ముందు రెక్కల్లో గడ్డి, పురుగులు ఇరుక్కుంటే ఇంజను వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టండి. కింది హోస్ పైపు మెత్తబడితే రేస్ ఇచ్చినప్పుడు దాని గోడలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఒకరు రేస్ ఇస్తుంటే దూరం నుంచి చూస్తే కనబడుతుంది. ఫ్యానుకి చేతులు, పంచె కొంగు తగలనీయకండి.

థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కాక తెరుచుకుని కూలెంటును రేడియేటరుకు వదిలే కవాటం) గురించి. "మన ఎండలకి అదెందుకు బాబూ" అని పీకి పారేసిన బండ్లే ఎక్కువ. దాంతో ఇంజను సరైన వేడికి చేరక పెట్రోలు ఎక్కువ తాగుతుంది. పాతది బాగుందో లేదో తెలియాలంటే దారానికి కట్టి గిన్నెలో నీళ్లలో వేలాడదీసి స్టవ్ మీద పెట్టండి. నీళ్లు తెర్లే లోపే నోరు తెరవాలి. తీసి బయట పెడితే మూసుకోవాలి. గిన్నె మాత్రం వంటగది నుంచి అడిగే తీసుకోండి.

వీటన్నిటిలో తేడా లేకపోతే హెడ్ ప్యాకింగు (ఇంజను పైభాగానికీ కింది దిమ్మకీ మధ్య ఉండేది) మీద అనుమానం. చల్లటి ఇంజను, మూత తీసి స్టార్ట్ చేయండి. రేడియేటరు నోట్లో ఆగకుండా బుడగలు వస్తుంటే, ఆయిల్ పోసే మూత అడుగున మజ్జిగలాంటి నురగ ఉంటే, మంచి మెకానిక్ దగ్గరకు వెళ్లే సమయం వచ్చింది. అక్కడికి నడుపుకుంటూ వెళ్లొద్దు, లాగించుకుని వెళ్లండి. ఇంజను విప్పిన చేత్తో టైమింగ్ బెల్టు కూడా మార్పించండి. ఎప్పుడు మార్చారో పాత ఓనరుకే గుర్తుండదు.

8. అరవై దగ్గర స్టీరింగ్ ఊగిపోతే

గుంతలో పడగానే స్టీరింగ్ చేతుల్లో తకధిమి ఆడి, బ్రేకు వేసేదాకా ఆగదు. అది మొదలైతే గట్టిగా బిగబట్టకుండా మెల్లగా స్పీడు తగ్గించండి.

దీనికి అందరూ ముందు కొనేది స్టీరింగ్ డంపరు (ఊపును అణిచే షాకబ్జర్‌లాంటిది). అది ఆఖర్న కొనాలి. రోగాన్ని దాస్తుంది, తగ్గించదు. వరస ఇది: టైర్ల గాలి, బ్యాలెన్సింగ్, టైరాడ్ ఎండ్‌లు (స్టీరింగ్ కడ్డీల చివరి కీళ్లు), వీల్ బేరింగులు, కింగ్ పిన్ (ముందు చక్రం పక్కకు తిరిగే కీలు) బేరింగులు, కమాన్ పట్టీల బుష్‌లు.

ముందు చక్రం జాకీతో లేపి స్టాండు పెట్టండి. వెనక చక్రాలకు దిమ్మలు అడ్డం పెట్టండి. చక్రాన్ని గడియారం అనుకుని 12, 6 అంకెల దగ్గర పట్టుకుని ఊపండి. ఆట ఉందా? ఇప్పుడు ఇంకొకరిని బ్రేకు తొక్కమని మళ్లీ ఊపండి. బ్రేకు తొక్కితే ఆట పోయిందంటే వీల్ బేరింగు. బ్రేకు తొక్కినా ఆట అలాగే ఉందంటే కింగ్ పిన్ బేరింగు. 9, 3 దగ్గర పట్టుకుని ఊపితే ఆట వస్తోందంటే టైరాడ్ ఎండ్ గానీ స్టీరింగ్ బాక్సు గానీ.

పాత జిప్సీల్లో ఎక్కువసార్లు కింగ్ పిన్ దగ్గరే తేలుతుంది. బేరింగు మార్చినప్పుడు షిమ్‌లు (బిగుతు సరిచేసే పలచటి రేకు బిళ్లలు) లెక్కగా పెట్టాలి. "పాతవే చాలు" అంటే ఒప్పుకోకండి. బిగుతు తక్కువైతే ఊపు పోదు, ఎక్కువైతే మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు. ఇది తెలిసిన చేయి పని, ఇంట్లో మొదలుపెట్టొద్దు.

9. బ్రేకులు, ఫోర్ వీల్

బ్రేకుల గురించి నేర్చుకోవడానికి మీ సొంత బండి మంచిది కాదు. మీరు చేయాల్సింది చూడటమే. పెడలు మెత్తగా దిగిపోతోందా, ఒక పక్కకు లాగుతోందా, ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గుతోందా. ఏది ఉన్నా మెకానిక్ దగ్గరికే. డాట్ 3 ఆయిల్ రెండేళ్లకోసారి మార్పించండి, అది కూడా గాలిలోని తేమను లాక్కుంటుంది.

తారు రోడ్డు మీద ఫోర్ హైలో (నాలుగు చక్రాలూ ఇంజను తిప్పే గేరులో) వేసుకుని తిరిగి, "లివరు ఇరుక్కుపోయింది" అని ఫోన్ చేస్తారు. లివరుతో కుస్తీ పట్టొద్దు. తిన్నగా పది అడుగులు రివర్స్ వెళ్లండి, బిగువు సడలి దానంతట అదే వస్తుంది. ఫోర్ వీల్ ఇసుకకీ బురదకీ మాత్రమే. వాగులో దిగి వచ్చాక డిఫరెన్షియల్ ఆయిల్ చుక్క తీసి చూడండి. పాలు కలిపిన కాఫీలా ఉంటే నీళ్లు దూరాయి.

10. టెస్టు రన్

బాగైందని ఇంటి చుట్టూ రెండు రౌండ్లు వేసి నమ్మేయకండి. నేను మూడు దఫాలు చేస్తాను. మొదటిది ఊళ్లో అరగంట, శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి రద్దీలో, ఆగుతూ సాగుతూ. వేడి ముల్లు ఎక్కడ నిలబడుతుందో అక్కడ తెలుస్తుంది. రెండోది హైవే మీద నరసన్నపేట దాకా, అరవైకీ ఎనభైకీ మధ్య, స్టీరింగ్ కోసం. మూడోది సాలూరు నుంచి సుంకి ఘాట్. దిగేటప్పుడు బ్రేకు మీదే కాకుండా సెకండ్ గేరులో దిగండి.

ప్రతి దఫా ఆగగానే చక్రాల దగ్గరకు వెళ్లి అరచేతిని రిమ్ముకి దగ్గరగా పెట్టండి, ఆనించకండి. మిగతా మూడింటికంటే ఒకటి సెగలు కక్కుతుంటే అక్కడ బ్రేకు పట్టేస్తోంది, లేదా బేరింగు బిగుసుకుంది. తర్వాత బానెట్ ఎత్తి వాసన చూడండి. పెట్రోలు వాసన వస్తే ఇంజను ఆపి, ఆరో అంకెకి తిరిగి వెళ్లండి.

ఆ రాత్రి మళ్లీ ఇంజను కింద అట్టముక్క పరచండి.